బండి మెడ దగ్గర కొత్త రంగు

మా అమ్మాయికి హిమబిందు అని పేరు పెట్టేనాటికి నేనుగానీ మా ఆవిడగానీ మంచు మొహం చూసినవాళ్లం కాదు. యీషున్‌లో మా సింగపూరు ఫ్లాటులో మంచు ఉండేది ఫ్రిజ్ పైఅరలో ఒక్కచోటే. అదీ బాగా పేరుకున్నాక ప్లగ్ పీకి, కింద పాతగుడ్డలు పరిచి నేనే కరిగించాలి. పిలవడానికి చల్లగా ఉంటుందని పెట్టిన పేరు తప్ప అందులో వేరే ఉద్దేశం లేదు. ఆ పిల్ల దాన్ని అంత మనసుకి పట్టించుకుంటుందని ఎవరనుకున్నారు? వన్-నార్త్‌లో ల్యాబ్ ఉద్యోగం, ఏసీ గది, ఇంటికి రైలు, అన్నీ వదిలేసి జపాన్ వెళ్లి హొక్కాయిడో కొండల్లో ఒక లాడ్జిలో కుదురుకుంది. చలికాలమంతా అక్కడ నేలన్నది కనబడదట. రమ్మని పిలుస్తూనే ఉంటుంది. ఈ వయసులో నాకు మంచు కంటే మంచం దగ్గరమ్మా అని తప్పించుకుంటూ ఉంటాను. మొదటిసారి నవ్వింది. తర్వాత నుంచి నేను నోరు తెరిచేలోపే తనే పూర్తి చేసేస్తోంది.

మొన్నామధ్య రెండు ఫొటోలు పంపి ఫోన్ చేసింది. పాత స్నోమొబైల్ ఒకటి కొంటోందట, రెండు బేరానికి వచ్చాయట, ఏది మంచిదో నన్ను చెప్పమంది. ముందు స్నోమొబైల్ అంటే ఏమిటో చూడాల్సొచ్చింది. ముందువైపు రెండు చెక్కబద్దల్లాంటి స్కీలు, వెనక యుద్ధట్యాంకుకి ఉండేలాంటి రబ్బరు పట్టా, మధ్యలో మోటార్‌సైకిల్ సీటు. ఒకటి నీలం రంగుది, వెలిసిపోయి, డొక్కలో సొట్టలతో ఉంది. రెండోది ఎర్రది. అది ఫొటోలోనే తళతళలాడుతోంది.

"దారి చదును చేసిన చోట ఎవరైనా నడుపుతారు లా," అంది బిందు, మాట చివర ఇక్కడి పిల్లల "లా" వదలకుండా. "నాకు దారి లేని చోటికెళ్లాలి నాన్నా. పై అడవిలో గుడ్లగూబలుంటాయి, ఫొటోలు తీసుకోవాలి. అక్కడ మంచు నడుం దాకా ఉంటుంది, మెత్తగా, పిండిలాగా. పట్టా పొడుగ్గా ఉండి, దాని పళ్లు లోతుగా ఉంటేనే తేలుతుంది. లేకపోతే కూరుకుపోతాం. ఎర్రదానికి పొడుగు పట్టా ఉంది. నాకదే నచ్చింది. తాతయ్య ఉంటే ఏం చూసేవాడు?"

నాకు జవాబు తెలుసు. తాతయ్య ఏం చూసేవాడో, ఏ వరసలో చూసేవాడో, ఎక్కడ ఆగేవాడో అన్నీ తెలుసు. ఆదివారం ఆ ఎర్రబండి ఉన్న షెడ్డుకి వెళ్లినప్పుడు వీడియోలో చూపించు, అప్పుడు చెప్తానన్నాను.

పక్కన కుర్చీలో మా అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఎనభై దాటినా చెవులు మాత్రం పాతికేళ్లవే. "ఏటట ఆ గుంటకి?" అంది. మంచుమీద నడిచే బండి కొంటుందట అన్నాను. "కొంటే కొన్నాది గానీ, స్పీడుగా పోవద్దని సెప్పు. సూరిగాడి కత సెప్పు," అని మళ్లీ చిక్కుడుకాయల్లో పడింది. మా ఇంట్లో పిల్లలెవరికైనా సైకిలు కొన్నా, రోలర్ స్కేట్లు కొన్నా, మెట్లమీద నుంచి ఇద్దరు పోటీపడి దిగినా అమ్మ చెప్పే మాట అదే. బిందు దాన్ని పాలతోపాటు తాగి పెరిగింది.

సూరి మా అన్నయ్య. ఇక్కడినుంచి నేను ఒక వాసన వెంట వెనక్కి వెళ్లాలి, ఎందుకంటే ఆ రోజుల గురించి నాకు ముందు గుర్తొచ్చేది మనుషులు కాదు, కిరసనాయిలు. నాన్న షిప్‌యార్డులో ఫిట్టరు. సాయంత్రం ఇంటికొచ్చాక అందరిళ్లకీ కలిపి ఉన్న వరండాలో నిలబడి ముందు కిరసనాయిలుతో చేతులు రుద్దుకునేవాడు, తర్వాత బట్టలసబ్బు పొడితో, ఆఖరికి అమ్మ తెచ్చిచ్చిన చింతపండు పిప్పితో. అయినా అన్నం కలిపేటప్పుడు చేతిగీతల్లో నల్లటి గ్రీజు గీతలు గీతలుగానే ఉండేది. జాతకం చెప్పేవాడికి మా నాన్న చెయ్యి చూపిస్తే చాలా స్పష్టంగా చదువుకోగలిగేవాడు. అప్పటికి మేము నేవల్‌బేస్ క్వార్టర్స్ వదిలి యీషున్ కొత్త ఫ్లాటుకి మారి ఎంతో కాలం కాలేదు. చుట్టూ ఇంకా ఎర్రమట్టి, పునాది స్తంభాలు దిగ్గొట్టే చప్పుడు. అమ్మ ఎండుచేప పులుసు పెడితే అదే సమయానికి మేము మకిచిక్ అని పిలిచే పక్కింటి మలయ్ పిన్ని రొయ్యల ముద్ద వేయించేది. రెండు వాసనలూ వరండాలో కొట్టుకునేవి. ఏది గెలిస్తే ఆ రోజు మేము ఆ ఇంటి గుమ్మంలో తచ్చాడేవాళ్లం.

ఆదివారం వస్తే నాన్న కోసం ఎవరో ఒకరు వచ్చేవారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి నేవల్‌బేస్‌లో స్థిరపడిన మా తెలుగువాళ్లందరికీ ఆయన కన్ను మీద గురి. పాత కుట్టుమిషన్ కొంటున్నా, పాత ఫ్రిజ్ కొంటున్నా, మోటార్‌సైకిల్ కొంటున్నా "పైడన్నా, ఓపాలి వచ్చి సూడు" అని తీసుకెళ్లేవారు. నాన్న తన చొక్కాల్లోకెల్లా పాతది వేసుకుని వెళ్లేవాడు. అక్కడికెళ్లాక అమ్మేవాడితో మాట్లాడేవాడు కాదు. ముందు ఇంజన్ మీద అరచెయ్యి ఆనించేవాడు. అది చల్లగా ఉండాలి. వెచ్చగా ఉంటే మనం రాకముందే దాన్ని బతిమాలి లేపారన్నమాట, ఇక మాట్లాడకుండా తిరిగొచ్చేసేవాడు. చల్లగా ఉంటే స్టార్టు చేయించి, స్క్రూడ్రైవరు మొన ఇంజన్ మీద, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. నూనె రెండువేళ్ల మధ్య రుద్ది ఇనపరజను తగులుతుందేమో చూసేవాడు. అన్నీ అయ్యాక గొంతుక్కూర్చుని, కొత్త రంగు వేసినచోటు ఎక్కడుందో వెతికి, జేబులో మడతచాకు తీసి కొంచెం గోకేవాడు. "మొకానికి పౌడరు ఎక్కడ మందంగా రాస్తారు? మచ్చున్నకాడ. బండికీ అంతే," అనేవాడు. అది ఆఖరి పరీక్ష. అది కాకుండా ఏదీ కొనిపించేవాడు కాదు.

ఇప్పుడు బిందు వయసువాళ్లు ఒక ఇస్త్రీపెట్టె కొనడానికి ముందు ఊరూపేరూ తెలియని మూడొందలమంది అభిప్రాయాలు ఫోన్లో చదువుతారు. మాకు అప్పుడు ఒక్క మనిషి అరచెయ్యి చాలేది. ఏది మెరుగో నేను చెప్పలేను. మూడొందలమందికి పెళ్లాలుండరు కదా, పక్కన నిలబడి తొందరపెట్టడానికి.

అమ్మ సంగతి చెప్పాలి. అమ్మ పంచాంగం లేకుండా పప్పు కూడా నానబెట్టేది కాదు. మా మేనమామ ఏటా ఊరినుంచి గంటల పంచాంగం పంపేవాడు. అది అక్కడి టైము. ఇక్కడ సరుకులకొట్టువాడిచ్చే తమిళ క్యాలెండరు గోడకి ఉండేది. అమ్మకి తమిళం రాదు గానీ రాహుకాలం అంకెలు చదవడానికి తమిళం అక్కర్లేదు. రెండూ ఒక టైము చెప్పేవి కావు. రాహువు మన ఊరి గడియారం చూసుకుంటాడా, సింగపూరు గడియారమా అని ఇంట్లో పెద్ద తగువు. నాన్న వెటకారంగా, "ఆడికి పాస్‌పోర్టు ఎక్కడిదే, ఇక్కడికి రానేరాడు," అనేవాడు. ఎందుకొచ్చిన గొడవని అమ్మ రెండింటినీ పాటించేది. అందరిళ్లలోనూ రోజుకి ఒక రాహుకాలం ఉంటే మా ఇంట్లో రెండుండేవి. వర్జ్యాలు కలుపుకుంటే మంచి పని చేసుకోవడానికి మాకు మిగిలేది మధ్యలో సందులే. మా కుటుంబమంతా ఆ సందుల్లోంచే పరిగెత్తి బతికింది. అమ్మ నోట ఎక్కువ వినబడే మాట "బేగి". బేగి తిను, బేగి తొడుక్కో, బేగి గడప దాటు.

ఆ ఇంట్లో తొందరన్నది లేనివాడు మా అన్నయ్య ఒక్కడే. చొక్కా విప్పితే మడతపెట్టి గానీ మంచమెక్కేవాడు కాదు. మిలిటరీ సర్వీసులో మోటార్‌సైకిల్ మీద కాగితాలు చేరవేసే పని చేసి వచ్చాడు. అక్కడ బండి పిచ్చి అంటుకుంది గానీ స్పీడు పిచ్చి అంటుకోలేదు. స్నేహితులు ఇద్దరితో సెలవురోజుల్లో సముద్రం మీది గట్టురోడ్డు దాటి మలేషియాలోని జొహోర్ వెళ్లేవాడు, ఎవడిదో ఒకడిది బండి అడిగి తీసుకుని. అక్కడ రబ్బరుతోటల వెనక రోడ్డు కాని దారుల్లో తిరగడం వాళ్ల సరదా. బురద, వాగులు, జారుడు గట్లు. బురద అడ్డమొస్తే వాడు బండి దిగి, ముందు తను నడిచి అవతలికెళ్లి చూసి, వెనక్కొచ్చి అప్పుడు బండిని తీసుకెళ్లేవాడట. స్నేహితులు "తాత" అని పేరు పెట్టారు. "తాతా, ఇవాళ దాటుతావా, రేపు రమ్మంటావా?" అని అవతలి ఒడ్డునుంచి అరిచేవారట. నాకు ఇదంతా వాళ్లే ఇంటికొచ్చి చెప్పి నవ్వేవారు. అన్నయ్య కూడా నవ్వేవాడు. "సింగపూర్లో రోడ్లన్నీ ఎక్కడికో అక్కడికి పోతాయిరా. ఎక్కడికీ పోని దారి ఒకటి కావాలి నాకు," అనేవాడు.

సొంతానికి బండి కొనుక్కుంటానన్నాడు. కొత్తది మా తాహతు కాదు. బెడోక్ అవతల ఒక రేకులషెడ్డులో టో అంకుల్ అనే చీనా ఆయన దగ్గర పాత స్క్రాంబ్లర్ ఉందని తెలిసింది. ఎత్తు సీటు, పళ్ల టైర్లు, బురదలో తిరగడానికే పుట్టిన బండి. ఒక ఆదివారం మధ్యాహ్నం నలుగురం బయల్దేరాం. బండికి బొట్టు పెట్టాలని అమ్మ కూడా వచ్చింది, చేతిసంచిలో పసుపు, కుంకం, నిమ్మకాయలతో. దారిలో పెద్ద వాన. బస్టాపులో చాలాసేపు ఇరుక్కుపోయాం. షెడ్డు చేరేసరికి సాయంత్రం రాహుకాలం ఎంతో దూరంలో లేదు. అది దాటాక ఊరి టైము రాహుకాలం కాచుకుని ఉంటుంది, ఈలోపల ఆయన షెడ్డు కట్టేస్తాడు.

నాన్న ఇంజన్ మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. స్క్రూడ్రైవరు పెట్టి విన్నాడు, తల ఊపాడు. నూనె చూశాడు. అన్నయ్య కొంచెం దూరంలో చేతులు కట్టుకుని, పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకులాగా చూడనట్టు చూస్తున్నాడు. నాన్న గొంతుక్కూర్చున్నాడు. హ్యాండిలు ఫ్రేముతో కలిసేచోట, బండికి మెడ అనుకోండి, నల్లరంగు కాస్త కొత్తగా ఉంది. జేబులోంచి చాకు తీసి తెరిచాడు.

"ఇదిగో, సూసింది సాలు," అంది అమ్మ. "రాహుకాలం ఒచ్చీస్తంది. బేగి బయానా ఇచ్చీ."

"ఓ నిమిషమాగు. ఇదొక్కటీ సూసీస్తాను."

"నీ ఒక్కటీ ఎప్పుడు ఒక్కటయింది? గోకుతా కూకుంటే టైము దాటిపోద్ది. పిల్లడి బండి. సెడ్డగడియలో సెయ్యి మారితే నాను ఒప్పను. బేగి ఇచ్చీ."

టో అంకుల్‌కి మాటలు అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. ఆయన గోడకీ ఒక క్యాలెండరు ఉంది. "గుడ్ టైం ఆ? మీ టూ, మీ టూ. ఆల్వేస్ మస్ట్ సీ," అని తన క్యాలెండరు వైపు, అమ్మ వైపు గౌరవంగా తల ఊపాడు. నాన్న ఆయన్నీ అమ్మనీ మార్చి మార్చి చూశాడు. "దేశం ఏదైనా ఈళ్లొకటే," అని గొణుక్కుని, చాకు మడిచి జేబులో పెట్టుకున్నాడు. బయానా ఇచ్చాడు. అమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. అన్నయ్య వాటిమీద నుంచి ఎంత మెల్లగా పోనిచ్చాడంటే ఒకటి చితక్కుండా పక్కకి దొర్లిపోయింది. అందరం నవ్వాం.

వానలు వెనకబట్టాక ఒకరోజు జొహోర్ వెళ్లాడు. మళ్లీ రాలేదు. తోట వెనక ఒక దిగుడు, కింద లోతు కాలువ. ఎలాగూ మెల్లగా పోతాడని ముందు పంపిన అన్నయ్య, చాలా వెనక స్నేహితులు. మలుపు అవతల ఇంజన్ చప్పుడు ఆగిపోయింది, తాత మళ్లీ దిగి నడుస్తున్నాడు కాబోలని వాళ్లు నవ్వుకున్నారట. మలుపు తిరిగాక చూస్తే బండీ మనిషీ కాలువలో ఉన్నారు. పడటం ఎవరూ చూడలేదు. ఆ తర్వాతి రోజుల గురించి నాకు పెద్దగా రాయాలని లేదు. అమ్మ ఏడ్చింది కొంచెమే. పొయ్యి దగ్గర కూర్చుని, మంట ఎక్కువ తక్కువ చేస్తూ ఉండేది, పొయ్యిమీద ఏమీ ఉండేది కాదు.

బండిని అక్కడి పోలీసులు వదిలాక నాన్న లారీలో వేయించుకుని తెచ్చాడు. వరండాలో పేపర్లు పరిచి, దాన్ని విప్పడం మొదలుపెట్టాడు. షిప్‌యార్డు నుంచి రావడం, చేతులు కడుక్కోకుండానే దానిముందు కూర్చోవడం. బోల్టు బోల్టు విప్పి, కిరసనాయిలులో కడిగి, వరసగా పేర్చేవాడు. బ్రేకులు, చెయిను, చక్రాలు, ఇంజన్ లోపలి రింగులు. పొరుగువాళ్లు వరండాలో నడిచేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని పక్కనుంచి వెళ్లేవారు. ఆయన ఏం వెతుకుతున్నాడో అందరికీ తెలుసు. అమ్మకీ తెలుసు. గుమ్మంలో నిలబడి, "ఏటైనా అగుపించిందా?" అనేది. "ఇంకా లేదు," అనేవాడు. ఆ ప్రశ్నలో ఏముందో ఇద్దరికీ తెలుసు. షెడ్డులో చాకు మడిచిన సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు. అమ్మ రాత్రీ పగలూ దానిమీదే కూర్చునుంది. బండిలో ఏదైనా దొరికితే అమ్మ బతకదని నాకు అనిపించేది.

మెడ దగ్గరికి నాన్న ఆఖరున వచ్చాడు. ముందే రావాల్సింది, రాలేకపోయాడనుకుంటాను. ఫ్రేము అక్కడ తెగి రెండుగా ఉంది. పడిన దెబ్బకి విరిగిందనే పోలీసులు రాశారు, అందరూ అదే అనుకున్నారు. నాన్న చాకుతో విరిగిన అంచు చుట్టూ నల్లరంగు గోకాడు. కింద ఎప్పటిదో వెల్డింగు. నన్ను పిలిచి, గోటితో చూపించాడు. విరిగిన అంచు సగం మేర తెల్లగా మెరుస్తోంది, సగం మేర ఎర్రగా తుప్పుపట్టి ఉంది. ఇనుము విరిగిన చోట మెరిస్తే కొత్త విరుగుడు, తుప్పుంటే పాత పగులు. అంత వరకూ నాకూ నేర్పించి ఉన్నాడు. సగం విరిగిన మెడతో అమ్మారు, సగం విరిగిన మెడతో కొన్నాం. అన్నయ్య ఆ దిగుడు నడుచుకుంటూ దిగినంత మెల్లగా దిగినా అది ఆ రోజు విరిగేది.

అమ్మ టీ గ్లాసు పట్టుకుని వచ్చింది. "ఏటైనా అగుపించిందా?"

నాన్న నూనెగుడ్డ తీసి మెడమీద వేశాడు. "ఏటీ లేదు. అంతా ఇప్పీసి సూసినాను. బండి బంగారంలాగుంది." గుడ్డ అంచులు సర్దాడు. "ఆడే స్పీడుగా పోయుంటాడు."

అమ్మ గ్లాసు కింద పెట్టి, గోడకి చేరబడి, "స్పీడెందుకురా నీకు?" అంది, ఎదురుగా అన్నయ్య ఉన్నట్టే. అన్నాళ్లకి అప్పుడు బావురుమంది. నాన్న నా వైపు చూశాడు. ఆ చూపుకి నేను ఈనాటి వరకూ కట్టుబడే ఉన్నాను. మర్నాడు ఫ్రేము షిప్‌యార్డుకి మోసుకెళ్లి గ్యాస్‌తో ముక్కలుగా కోయించేశాడు. తర్వాత ఎవరు పిలిచినా బండ్లు చూడ్డానికి వెళ్లలేదు.

ఆ ఒక్కమాటతో అమ్మ బతికింది. అది నేను కళ్లారా చూశాను. వండింది, తిన్నది, నా పెళ్లి చేసింది, బిందుని పెంచింది. కానీ అమ్మ బతికింది అన్నయ్య మీద కోపంతో. ఆబ్దికం రోజున విస్తరి వేస్తూ కూడా, "తిను, నీకేటి, సెప్పినమాట ఇనవు," అని గదమాయించేది. ఫొటోకి దండ మారుస్తూ తిట్టేది. నాన్న పోయేముందు కూడా ఆమాట వెనక్కి తీసుకోలేదు. బురద దాటడానికి ముందు నడిచి చూసుకునే మనిషి మా ఇంట్లో దుడుకుతనానికి పేరుగా మిగిలాడు. చుట్టాల పిల్లలు పరిగెడితే "సూరిగాడిలాగా" అనేవారు, వాడిని ఎన్నడూ చూడనివాళ్లు సైతం. నేను కూడా అన్నాను, బిందుతో, ఒకటి రెండుసార్లు. నోటికి అలవాటైపోతుంది.

ఆదివారం అన్నమాట ప్రకారం బిందు షెడ్డునుంచి వీడియో పెట్టింది. మా ఆవిడ మార్కెట్టుకెళ్లింది. అమ్మ తన కుర్చీలో, నేను డైనింగు బల్ల దగ్గర. ఫోన్లో తెల్లటి వెలుగు, గాలిహోరు. ముక్కు ఎర్రబడి బిందు ఎవరో పిల్లలా ఉంది.

"ఇంజన్ మీద చెయ్యి పెట్టు. గ్లవ్ తీసి."

"గ్లవ్ తీస్తే చెయ్యి పోతుంది నాన్నా."

"తియ్యి."

తీసి పెట్టింది. "ఐసులా ఉంది. హ్యాపీయా?"

స్టార్టు చేయించాను. పొగ, టూ-స్ట్రోక్ చప్పుడు. ఇంత దూరంలో వాసన రాదు కదా, వచ్చింది. పట్టా కిందకి వంగి పళ్లు చూపించమన్నాను, ఒక్కటీ చిరగలేదు. బెల్టు చూశాం. అన్నీ బాగున్నాయి. అప్పుడు ముందుభాగం మూత తీయించి, స్కీల చేతులు లోపలి ఇనపచట్రంతో కలిసేచోట టార్చి వెయ్యమన్నాను. అక్కడ నల్లరంగు మందంగా, కొత్తగా ఉంది.

"గోకు."

"ఏంటి?"

"తాళంచెవితో ఆ రంగు గోకు."

బిందు గొంతు తగ్గించింది. "ఓనరంకుల్ అక్కడే నిలబడి చూస్తున్నాడు నాన్నా. పైసే లా, మొహమాటంగా ఉంది. ఆయన బండి నేనెలా గీస్తాను? మధ్యాహ్నం ఇంకొకళ్లు వస్తున్నారట, కావాలంటే ఇప్పుడే చెప్పమంటున్నాడు. వట్టి పెయింటే కదా. నేను స్పీడుగా వెళ్లనులే, ప్రామిస్. పెదనాన్నలా చెయ్యను. ఆయన బండి బాగానే ఉందిగా, తాతయ్య అంతా చూసే కొన్నాడుగా. మరి ఎందుకు గోకడం?"

ఫోను పట్టుకుని వంటింట్లోకి వెళ్లి చెప్పొచ్చు. లేచాను కూడా. అమ్మ తలెత్తి, ఎక్కడికన్నట్టు చూసింది. అవతల ఆయనెవరో జపనీసులో ఏదో అడుగుతున్నాడు, బిందు "హై, హై" అని తల ఊపుతోంది. డబ్బు తీసేందుకు జేబులో చెయ్యి పెడుతోంది. వంటింటి దాకా వెళ్లేంత వ్యవధి కూడా నాకు కనిపించలేదు, లేదా వెళ్లదలచుకోలేదేమో, ఇప్పుడు చెప్పలేను.

"పెదనాన్న స్పీడుగా వెళ్లలేదు," అన్నాను. "బండి మెడ విరిగింది. కొత్తరంగు కింద పాత పగులుంది. తాతయ్య ఆవేళ గోకబోయి మానేశాడు. తర్వాత విప్పి చూసుకున్నాడు. గోకు బిందూ."

అమ్మాయి జేబులోంచి తాళంచెవి తీసింది. ఫోను ఎక్కడో ఆనించింది, నాకు షెడ్డు కప్పు మాత్రమే కనిపిస్తోంది. ఇనుము మీద ఇనుము గీకే చప్పుడు. అమ్మ వైపు చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు.

"నాన్నా. కింద వెల్డింగుంది. దాని పక్కన సన్నగా గీత."

"గీతలో రంగేమిటి?"

"బ్రౌన్."

"వచ్చెయ్ అక్కణ్నించి."

అమ్మ చేతులు ఒళ్లో ఉన్నాయి. కిటికీ వైపు చూస్తోంది. కింద పార్కింగులో ఎవరో కారు వెనక్కి తీస్తున్నారు, ఆ చప్పుడు ఆగేదాకా ఆగింది.

"సూరిగాడు స్పీడుగా పోలేదా?"

"లేదమ్మా."

"మెల్లిగానే ఎల్లినాడా?"

"మెల్లిగానే."

"మీ నాన్నకి తెల్సా?"

"తెలుసు."

అమ్మ తల ఊపింది, కొలత ఏదో సరిపోయినట్టు. "ఆవేళ బేగి బేగి అన్నది నానే," అంది. కాదని చెప్పబోయాను. అది తనకి అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపేసింది. తన భాగం తను అప్పటికే తీసేసుకుంది. దాని గురించి కాదు అడుగుతున్నది.

"మీ నాన్న నన్ను కాసుకున్నాడు. బానే ఉంది," అంది. "ఆణ్నెవులు కాసినార్రా? సచ్చిపోయినోడని ఇంటిల్లిపాదీ తప్పంతా ఆడిమీద ఏసీసి, ఇన్నేళ్లూ నాను తిట్టినాను. అన్నం పెడతా తిట్టినాను."

బల్లమీద ఫోన్లో బిందు గొంతు. "నాన్నా, నానమ్మ ఏమంటోంది? గాలికి వినబడటం లేదు."

ఏం లేదమ్మా, జాగ్రత్తగా రమ్మంటోంది అనే మాట నా పళ్ల దాకా వచ్చేసింది. నాన్న గొంతుతోనే వచ్చింది. అమ్మ నా వైపు చూస్తోంది. ఫోను చేతిలోకి తీసుకుని, "ఆణ్నెవులు కాసినార్రా?" అని అమ్మ అడిగింది అడిగినట్టు, ఆ యాసలోనే, బిందుకి చెప్పాను. బిందు అక్కడ మంచులో నిలబడిపోయింది.